నాన్న పేరున బొమ్మల చదువుకు డబ్బు: పతకమా, శాశ్వత నిధా, ట్రస్టా, నేరుగా ఒక విద్యార్థికా?

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇళ్లలో ఈ ఆలోచన ఎక్కువగా సంవత్సరీకం నాడే పుడుతుంది. భోజనాలయ్యాక, విశాఖ నుంచీ హైదరాబాద్ నుంచీ అమెరికా నుంచీ వచ్చిన పిల్లలంతా వరండాలో చేరినప్పుడు ఎవరో ఒకరు అంటారు, నాన్నగారి పేరున ఏదైనా చేద్దామని. గుడికి ఇవ్వడం, బడిలో నీళ్ల ట్యాంకు కట్టించడం, ఇంజనీరింగ్ పిల్లల ఫీజు కట్టడం మనకు అలవాటైన పనులు. ఆ నాన్నగారు డ్రాయింగ్ మాస్టారో, సైన్‌బోర్డులు రాసినాయనో అయితే, బొమ్మలు నేర్చుకునే పిల్లలకు ఇద్దామన్న మాట వస్తుంది. మంచి మాటే. ఎలా ఇవ్వాలన్న దగ్గరే చిక్కంతా. విశ్వవిద్యాలయంలో బంగారు పతకం పెట్టొచ్చు, శాశ్వత నిధి వెయ్యొచ్చు, సొంత ట్రస్టు రిజిస్టర్ చేయించొచ్చు, ఒక పిల్లనో పిల్లాడినో చూసుకుని నేరుగా చదివించొచ్చు. అందరూ పేరు ఎక్కడ కనిపిస్తుందో చూస్తారు. డబ్బు ఏ నెలలో, ఎవరి చేతికి, దేనికోసం చేరుతుందో లెక్క వేసేవాళ్లు తక్కువ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీ దగ్గర ఉన్నది పది లక్షల లోపైతే పతకం వద్దు, ట్రస్టు వద్దు, శాశ్వత నిధి జోలికి తొందరపడి వెళ్లొద్దు. ఒక విద్యార్థిని ఎంచుకుని నాలుగేళ్లూ మధ్యలో ఆపకుండా ఇవ్వండి.

బొమ్మల చదువుకు ఖర్చెక్కడ

బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, నాలుగేళ్ల చదువు. ఈ వైపు పిల్లలకు దగ్గర్లో ఉన్నది విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫైన్ ఆర్ట్స్ విభాగం. హైదరాబాద్‌లో 2008లో ఏర్పడ్డ జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ పెయింటింగ్, శిల్పంతో పాటు అప్లైడ్ ఆర్ట్ (ప్రకటనలు, డిజైన్ల బొమ్మలు), ఫొటోగ్రఫీ, యానిమేషన్ కూడా చెబుతారు. ఇంకా ఆశ ఉన్నవాళ్లు బరోడా, శాంతినికేతన్, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ వైపు చూస్తారు.

ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సీటు వస్తే ఫీజు అంత పెద్ద భారం కాదు. అర్హత ఉన్న కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం ఫీజు రీయింబర్స్ చేస్తుంది, ఆలస్యమైనా సరే. అందుకే దాత ఇచ్చే డబ్బు ఫీజుకే అని రాస్తే, సర్కారు ఎలాగూ ఇచ్చేదాన్నే మళ్లీ ఇచ్చినట్టవుతుంది. కొడుకును బీఎఫ్ఏలో చేర్పించిన ఒకావిడ ఈ సంగతి నాకు ఒక్క ముక్కలో చెప్పేసింది: "ఫీజు గవర్నమెంటోలు ఇత్తారు బాబూ, రంగులెవులిత్తారు?"

రంగులు, కుంచెలు, కాన్వాసు, ఫ్రేము చెక్క. శిల్పం వాళ్లకు మట్టి, ప్లాస్టర్, ఫైబర్, అచ్చు పోయించే కూలి. పలక మీద బొమ్మ చెక్కి అచ్చు తీసే ప్రింట్‌మేకింగ్ వాళ్లకు జింకు పలకలు, సిరాలు. అప్లైడ్ ఆర్ట్ వాళ్లకు లాప్‌టాప్ లేకపోతే రెండో ఏడు నుంచి పని నడవదు. వీటికి తోడు స్టడీ టూరు, ఏడాది చివర డిస్‌ప్లే. ఇవి ప్రభుత్వ లెక్కల్లోకి రావు. బ్యాంకు అప్పులో కొంతవరకు చూపించవచ్చు గానీ, ట్యూబు రంగులకు బిల్లులు పట్టుకుని బ్యాంకు చుట్టూ తిరిగే ఓపిక ఎవరికుంది?

తరవాత గది. విజయనగరం నుంచి విశాఖకు రోజూ రైలెక్కి అప్ అండ్ డౌన్ చేసేవాళ్లున్నారు. శ్రీకాకుళం వాళ్లు ముందు ఆమదాలవలస స్టేషన్‌కు చేరి, అక్కడి నుంచి రైలు పట్టాలి. పలాస, ఇచ్ఛాపురం పిల్లలకు ఆ మాటే లేదు. పైగా బొమ్మ గంట కొట్టగానే ఆగే పని కాదు. స్టూడియోలో చీకటి పడేదాకా ఉండాలి. రైలు టైముకు పరుగెత్తేవాళ్ల పని సగంలో ఆగుతుంది. హాస్టల్లో చోటు దొరక్కపోతే గది అద్దె, మెస్ ఖర్చు కలిపి ఇంటిమీద పడే అసలు బరువు అదే.

ఈ వైపు వాళ్లకిది కొత్త సంగతి కాదు. గురజాడ అప్పారావు విజయనగరంలో చదువుకున్నప్పుడు మహారాజా కళాశాల ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి ఆయనకు ఉండటానికి చోటు ఇచ్చి అన్నం పెట్టారు. ఫీజుకన్నా ముందు చూడాల్సినవి అవే.

పతకం

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పతకం చదువు అయిపోయాక, స్నాతకోత్సవంలో వస్తుంది. అప్పటికి రంగులు కొనడానికి పడిన అవస్థ అంతా గడిచిపోయి ఉంటుంది. అదీ ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లకు. ఇంట్లో ఇబ్బంది ఉండి మూడో ఏట మానేసినవాళ్లకు పతకం ఎప్పటికీ రాదు. పేరు మాత్రం ఏటా మైకులో చదువుతారు, అది నిజం. ఆ ఒక్కటే కావాలనుకుంటే తప్పులేదు, దాన్ని స్కాలర్‌షిప్ అని మాత్రం అనుకోవద్దు.

శాశ్వత నిధి

అందరికీ నచ్చేది ఇదే. విశ్వవిద్యాలయానికి ఒక మొత్తం ఇస్తాం, వాళ్లు డిపాజిట్ వేస్తారు, వడ్డీతో ఏటా ఒక విద్యార్థికి ఇస్తారు. అసలు అలాగే ఉంటుంది, మన తరవాత కూడా నాన్న పేరు నడుస్తుంది. వినడానికి బాగుంది. లెక్క చూడండి.

5 లక్షలు ఇచ్చారనుకుందాం. 7 శాతం వడ్డీ అంటే ఏడాదికి 35,000. ఈ ఏడు ఆ డబ్బుకు ఒక విద్యార్థి రంగులు, కాన్వాసులు వస్తాయి. ధరలు ఏటా 6 శాతం పెరిగితే, సుమారు 12 ఏళ్లకు అదే 35,000 ఇవాళ్టి సగం సామానే తెస్తుంది. ఇరవై నాలుగేళ్లకు పావు. అసలు చెక్కుచెదరదు, పేరూ అలాగే ఉంటుంది, స్కాలర్‌షిప్ మాత్రం ఏటేటా చిక్కిపోతుంది. పాత కాలేజీల ప్రాస్పెక్టస్‌లు తిరగేస్తే ఇలాంటివి కనిపిస్తాయి: ఒకప్పుడు గొప్ప మొత్తమే, ఇప్పుడు దాన్ని తీసుకోవడానికి పెట్టే దరఖాస్తుకు జిరాక్సుల ఖర్చు కూడా రాదు.

ఈ చిక్కిపోవడాన్ని పూర్తిగా ఆపలేకపోయినా నెమ్మది చేసే మందు ఉంది. వడ్డీ అంతా ఖర్చు చెయ్యకూడదని ఒప్పందంలో రాయించడం. 7 శాతం వస్తే 4 శాతం, అంటే 20,000 విద్యార్థికి ఇచ్చి, మిగిలిన 15,000 అసలులో కలపాలి. అప్పుడు 35,000 అనుకున్నది మొదటి ఏడు 20,000 అవుతుంది. అంటే నిజంగా ఒక విద్యార్థికి పనికొచ్చేలా శాశ్వత నిధి వెయ్యాలంటే 5 లక్షలు చాలవు. 15 లక్షలు దాటి ఉంటే, కుటుంబంలో తరవాతి తరం చూసుకునేవాళ్లు ఎవరూ లేకపోతే, అప్పుడు ఇది సరైన దారి.

పెద్ద నిధి ఏం చెయ్యగలదో చూడాలంటే బొంబాయి జె.జె. స్కూలే సాక్ష్యం. జంషెట్జీ జీజీభాయ్ ఇచ్చిన లక్ష రూపాయలతో 1857లో మొదలైంది. ఆనాటి లక్ష అది. మన వైపు చూస్తే, విజయనగరం రాజులు 1919లో పెట్టిన సంగీత కళాశాల ఇప్పటికీ నడుస్తోంది. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. తరవాత ఆ కుర్చీలో ద్వారం వెంకటస్వామి నాయుడు కూర్చున్నారు. ఘంటసాల అక్కడే పాట నేర్చుకున్నారు. సంస్థానం వెనక ఉంది కాబట్టి కళాశాలే పెట్టగలిగారు. మనం అలాంటి ఫలం మన 5 లక్షల నుంచి ఆశించకూడదు.

శాశ్వత నిధికే మొగ్గితే రిజిస్ట్రార్ కార్యాలయాన్ని ఈ మూడూ కాగితం మీద అడగండి. కనీస మొత్తం ఎంత? ఒక ఏడు అర్హులెవరూ రాకపోతే ఆ వడ్డీ ఏమవుతుంది? ఎంపిక చేసేది ఫైన్ ఆర్ట్స్ విభాగమా, పరిపాలన భవనమా? మూడోది ముఖ్యం. విభాగంలో గురువులకు ఎవరు భోజనం మానేసి రంగులు కొంటున్నారో తెలుస్తుంది.

సొంత ట్రస్టు

ట్రస్టు రిజిస్ట్రేషన్‌కు పెద్ద ఖర్చు కాదు, సబ్ రిజిస్ట్రార్ దగ్గర అయిపోతుంది. బండి అక్కడ ఆగదు. పాన్, బ్యాంకు ఖాతా, ఆదాయపు పన్ను శాఖ దగ్గర పన్ను మినహాయింపుకు ఒక రిజిస్ట్రేషన్, దాతలకు పన్ను రాయితీ (80జి) రావడానికి మరొకటి, మళ్లీ గడువుకు వాటిని పునరుద్ధరించడం, ఏటా రిటర్ను. వచ్చిన ఆదాయంలో 85 శాతం ఆ ఏడే ఖర్చు చెయ్యాలన్న నిబంధన. ఏడాదికి ఒక విద్యార్థికి 50,000 ఇచ్చే ట్రస్టు ఆడిటర్‌కు అందులో ఎంత ఇస్తుందో ఆలోచించండి. అన్నదమ్ములు కలిసున్నప్పుడు ట్రస్టీలందరూ సంతకాలకు వస్తారు. పదేళ్ల తరవాత ఒకరు బెంగళూరులో, ఒకరు డల్లాస్‌లో ఉంటే బ్యాంకు కేవైసీ కూడా నడవదు.

అమెరికా అన్నాం కాబట్టి ఒక జాగ్రత్త. భారత పాస్‌పోర్టే ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మారిపోయిన అన్నయ్య, చేతిలో ఓసీఐ కార్డు ఉన్నా సరే, ట్రస్టుకు పంపితే అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి లేని ట్రస్టు దాన్ని తీసుకోకూడదు. "మన అన్నయ్యే కదా" అన్న మాట అక్కడ చెల్లదు.

80జి రాయితీ గురించి కూడా ఆశలు తగ్గించుకోండి. పన్నుల కొత్త విధానం ఎంచుకున్నవాళ్లకు ఆ రాయితీ లేదు. పాత విధానంలో ఉన్నా 2,000 దాటి నగదుగా ఇస్తే లెక్కలోకి రాదు.

ఇన్ని చెప్పినా ట్రస్టు దండగ అనను. నాలుగైదు కుటుంబాలు కలిసి, ఏడాదికి నలుగురైదుగురిని చదివించే స్థాయి ఉంటే పెట్టండి. ఆ శ్రమ పడలేమంటే ఇప్పటికే ఆ పని చేస్తున్న వాళ్లకు ఇవ్వొచ్చు. హైదరాబాద్‌లో కృష్ణాకృతి ఫౌండేషన్ ఒక కుటుంబం తండ్రి జ్ఞాపకంగా పెట్టుకున్నదే. కళా విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది. పేరు మీ నాన్నది ఉండదు, పని మాత్రం తెలిసినవాళ్ల చేతిలో ఉంటుంది.

నేరుగా ఒక విద్యార్థికి

రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావుకు బొంబాయి జె.జె. స్కూలు దారి చూపించింది ఏ నిధీ కాదు, ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. ఒక కుర్రాడి చేతిలో ఏముందో ఒక మనిషి చూశాడు, పంపించాడు. రామారావు 1925లో, ముప్పై నిండకుండానే పోయారు. ఆ కాస్త కాలంలో వేసిన బొమ్మలే ఆంధ్ర చిత్రకళకు ఒక మొదలయ్యాయి.

నాకు నచ్చేది ఇదే. లెక్క కూడా దీని వైపే ఉంది. అవే 5 లక్షలు 7 శాతానికి డిపాజిట్ వేసి, వడ్డీతో పాటు అసలు కూడా కరిగిస్తూ ఏడాది చివర సుమారు 83,000 చొప్పున తీసుకుంటూ పోతే 8 ఏళ్లు వస్తుంది. 8 ఏళ్లంటే ఒకరి తరవాత ఒకరు, ఇద్దరు విద్యార్థుల మొత్తం బీఎఫ్ఏ. రంగులు, గది, మెస్ అన్నీ కలిపి. అదే శాశ్వత నిధిగా వేస్తే ఆ 8 ఏళ్లలో ఏటా 35,000 చొప్పున, తరచూ ఏటా వేరే విద్యార్థికి. ఎనిమిది మందికి ఒక్కో ఏడు కాస్త ఊపిరి ఆడుతుంది, ఎవరి నాలుగేళ్లకూ భరోసా ఉండదు.

ఏడాది స్కాలర్‌షిప్ మీద నాకున్న అభ్యంతరం అదే. మొదటి ఏడు డబ్బు వస్తే పిల్లాడు సంతోషంగా చేరతాడు. రెండో ఏడు దరఖాస్తు మళ్లీ పెట్టాలి, వస్తుందో రాదో తెలియదు. ఆ అనుమానంలో శిల్పం వదిలి ఖర్చు తక్కువ ఉన్న విభాగానికి మారతాడు. లేదా పెళ్లిళ్ల స్టేజీ డెకరేషన్ పనులకు వెళ్లి క్లాసులు పోగొట్టుకుంటాడు. నాలుగేళ్ల మాట ముందే ఇస్తే చిన్న మొత్తమైనా ధైర్యంగా పెద్ద పని ఎత్తుకుంటాడు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఎంపిక మీరే చెయ్యాలి, అంటే బంధువుల ఫోన్లు మొదలవుతాయి. "మా బావమరిది కూతురు బొమ్మలు బాగా వేస్తాది" అంటూ. అందుకే ఎంపిక మీ చేతిలో పెట్టుకోకండి. విభాగంలో ఒక గురువు, ఊళ్లో రిటైరైన ఒక డ్రాయింగ్ మాస్టారు, కుటుంబం నుంచి ఒక్కరు కూర్చుని పిల్లల స్కెచ్ పుస్తకాలు చూస్తే చాలు. మార్కుల జాబితా పక్కన పెట్టండి. స్కెచ్ పుస్తకం చూస్తే రోజూ గీసే చెయ్యేదో, ఇంటర్వ్యూకు ముందు రెండు రాత్రులు గీసిన చెయ్యేదో తెలిసిపోతుంది. శ్రీకాకుళంలో పుట్టిన చిత్రకారుడు వడ్డాది పాపయ్య డ్రాయింగ్ మాస్టారైన తండ్రి దగ్గరే చెయ్యి తిప్పుకున్నారు. మార్కుల జాబితాలో అలాంటి వాళ్లు కనిపించరు.

పన్ను సంగతి. బంధువు కానివారి నుంచి ఏడాదిలో 50,000 దాటి డబ్బు ముడితే అది తీసుకున్నవారి ఆదాయం కింద లెక్క. చదువు ఖర్చుకు ఇచ్చే స్కాలర్‌షిప్‌కు మాత్రం పన్ను లేదు. అందుకని "ఫలానా కోర్సు చదువుకు స్కాలర్‌షిప్" అని ఒక ఉత్తరం రాసి ఇవ్వండి. డబ్బు బ్యాంకులోనే వెయ్యండి, మెస్ బిల్లు, సామాను బిల్లు వీలైనచోట నేరుగా కట్టండి. డిపాజిట్ మీ పేరున ఉంటే వడ్డీ మీ ఆదాయంలో కలుస్తుంది. అమ్మ సొంత డబ్బైతే ఆవిడ పేరునే వెయ్యండి, సీనియర్ సిటిజన్ కాబట్టి వడ్డీ కాస్త ఎక్కువ వస్తుంది. నామినీని మాత్రం రాయించడం మరిచిపోకండి. ఆవిడ తరవాత ఆ డబ్బు వాటాల్లోకి పోకూడదనుకుంటే అన్నదమ్ములు ఇప్పుడే ఒక కాగితం మీద సంతకాలు పెట్టుకోవాలి.

డిపాజిట్ కూడా వద్దు, ఏటా జీతాల్లోంచి వేసుకుందాం అనేవాళ్లుంటారు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారు. మాట మీద నిలబడే ఇల్లయితే ఆ పద్ధతి బాగానే నడుస్తుంది. మన ఇళ్లలో ఒకరి ఉద్యోగం పోతే, ఒకరింట్లో పెళ్లి వస్తే ఆ ఏడు ఆగుతుంది. కాబట్టి కనీసం నాలుగేళ్ల సొమ్ము ముందే పక్కన పెట్టుకున్నాకే విద్యార్థికి మాట ఇవ్వండి.

అప్పుగా ఇవ్వడం

కొందరు పెద్దమనుషులు ఉచితంగా ఇస్తే విలువ ఉండదంటారు, వడ్డీ లేని అప్పుగా ఇద్దామంటారు. దీనికి పెద్ద ఉదాహరణలే ఉన్నాయి. జంషెట్జీ టాటా 1892లో పెట్టిన నిధి విదేశీ చదువులకు అప్పు స్కాలర్‌షిప్ ఇస్తుంది, కె.సి. మహీంద్రా ట్రస్టు వడ్డీలేని అప్పు ఇస్తుంది. విదేశాల్లో పీజీ చేసి జీతం తెచ్చుకునేవాళ్లకు అది సరిపోతుంది. బీఎఫ్ఏ చేసినవాడికి మొదటి కొన్నేళ్లు ఆదాయం ఒక నెల ఉంటుంది, మూడు నెలలు ఉండదు. అప్పు పెడితే వాడు బొమ్మ మానేసి దొరికిన ఉద్యోగంలో చేరతాడు. మీరిచ్చిన డబ్బే వాడి చేత కుంచె వదిలించినట్టవుతుంది. ప్రభుత్వ ఫీజు ఆలస్యమై హాల్‌టికెట్ ఆగిపోతే రెండు నెలలకు చేబదులు ఇవ్వండి, అది వేరు.

షరతులు రాసేటప్పుడు

ఏ దారి ఎంచుకున్నా కాగితం మీద రాసే రెండు మాటలు తరవాత పీకల మీదికి తెస్తాయి.

ఒకటి, జిల్లా. "శ్రీకాకుళం జిల్లా విద్యార్థులకు" అని 2021లో రాసి ఉంటే, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి, రాజాం విజయనగరంలో కలిసింది. నాన్నగారు ఉద్యోగం చేసింది పాలకొండలో అయితే ఆ ఊరి పిల్లలకే అర్హత పోయింది. సీతంపేట ఏజెన్సీలో సవర గిరిజనుల బొమ్మలు గీసే ఇళ్లలో పిల్లకు బీఎఫ్ఏ సీటు వస్తే ఆమెకూ లేదు. మండలాల పేర్లు రాయండి, లేదా "ఉమ్మడి జిల్లా" అని రాయండి. మా మండలానికే, ఆడపిల్లకే, శిల్పానికే అని మూడు షరతులు కలిపి పెడితే కొన్నేళ్లు అర్హులే దొరకరు. ముందు మండలం, లేకపోతే ఉమ్మడి జిల్లా, అదీ లేకపోతే ఉత్తరాంధ్రలో ఎవరైనా అని వరస రాయండి.

రెండు, "డిగ్రీ". విజయనగరం సంగీత కళాశాలలో ఉన్నవి సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు. కళ అంటే పాట, వీణ కూడా అని మీ మనసులో ఉంటే "డిగ్రీ విద్యార్థులకు" అన్న ఒక్క మాటతో వాళ్లంతా బయటికి పోతారు. హార్మోనియం వాయించిన నాన్నగారి పేరున పెట్టిన డబ్బు హార్మోనియం పట్టుకున్న పిల్లకు అందకపోతే ఏం బాగుంటుంది?

మొత్తాల ప్రకారం నేనైతే ఇలా చేస్తాను. లక్షా రెండు లక్షలైతే ఒక విద్యార్థికి నాలుగేళ్ల సామాను ఖర్చు, అంతకుమించి ఆశపడకుండా. 5 నుంచి 10 లక్షలైతే డిపాజిట్ కరిగిస్తూ ఒకరి తరవాత ఒకరు. 15 లక్షలు దాటితే సగం అలా, సగం విశ్వవిద్యాలయంలో నిధిగా, వడ్డీలో కొంత అసలులో కలిపే షరతుతో. కుటుంబాలు కలిసి అంతకన్నా పెద్ద మొత్తం పోగేస్తే అప్పుడు ట్రస్టు, ఆడిటర్‌ను ముందే మాట్లాడుకుని.

మొదలుపెట్టే నెల కూడా చూసుకోండి. అడ్మిషన్లు ఎండాకాలం తరవాత అవుతాయి, మొదటి క్లాసులోనే సామాను జాబితా చేతికిస్తారు. స్కాలర్‌షిప్ సాధారణంగా దసరా దాటాక చేరుతుంది. ఈలోగా పిల్లలు పక్కవాడి రంగులు అడుక్కుని నెట్టుకొస్తారు. సంవత్సరీకం మాఘంలో వచ్చినా సరే, మొదటి విడత క్లాసులు మొదలయ్యే వారంలోనే వెయ్యండి.